పుస్తకం అయిపోయిన చోట

కెన్ థాంప్సన్ అంటే కంప్యూటర్లు చదువుకున్నవాళ్లకు యూనిక్స్ గుర్తొస్తుంది. చదరంగం ఆడేవాళ్లు మాత్రం ఆయన చేసిన ఇంకో పనిని గుర్తుపెట్టుకోవాలి. అమెరికాలో, న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో ఉద్యోగం చేస్తూ ఆయన దాదాపు మూడేళ్లపాటు రోజుకో గంట కూర్చుని ఒక పుస్తకాన్ని కంప్యూటర్లోకి టైపు చేశాడు. బెల్‌గ్రేడ్‌లో అచ్చయిన ‘ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ చెస్ ఓపెనింగ్స్’ అది. ఐదు సంపుటాలు. పేజీ నిండా గళ్లు, గళ్లలో ఎత్తులు, కింద సన్నటి అక్షరాల్లో మళ్లీ ఎత్తులు. ఆ పని పూర్తయ్యేసరికి థాంప్సన్, జో కాండన్ కలిసి తయారుచేసిన ‘బెల్’ అనే చదరంగపు యంత్రానికి సుమారు 3 లక్షల ఎత్తుల ఓపెనింగ్ పుస్తకం అమరింది.

‘బెల్’ సెకనుకు 1.6 లక్షల స్థితులు చూసేది. 1980లో ఆస్ట్రియాలోని లింజ్‌లో ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్ అయింది. 1983లో మాస్టర్ స్థాయి అందుకున్న మొదటి యంత్రమూ అదే. మధ్యలో 1982లో మాస్కోకు తీసుకెళ్తుంటే న్యూయార్క్ కెన్నెడీ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు దాన్ని పట్టి ఉంచేశారు. ప్రచ్ఛన్నయుద్ధం రోజులు మరి. దాని వేగం గురించి, అందులోని ప్రత్యేక సర్క్యూట్ల గురించి చాలా రాశారు. ఆ రోజుకో గంట గురించి రాసింది తక్కువ. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి అదే.

నేను గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేస్తూ సాయంత్రాలు చెస్ ఆడినవాణ్ని. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. మా రోజుల్లో బెల్‌గ్రేడ్ వాళ్లదే ‘చెస్ ఇన్ఫార్మెంట్’ సంపుటం ఒకటి ఊళ్లోకి వచ్చిందంటే అది చేతులు మారుతూ తిరిగేది. ఎవరి దగ్గర ఎన్నాళ్లుంటే అన్నాళ్లలో కావలసిన పేజీలు రాసుకోవడమే. నేను పొడుగాటి లెడ్జరు పుస్తకాల్లో ఎక్కించుకునేవాణ్ని: తెల్లవాళ్ల ఎత్తులు నీలం సిరాతో, నల్లవాళ్లవి ఎర్ర సిరాతో. సిసిలియన్‌కు ఒక లెడ్జరు, కింగ్స్ ఇండియన్‌కు ఒకటి. థాంప్సన్ చేసిందీ, మేం చేసిందీ ఒకే పని. ఆయన యంత్రం కోసం రాసిపెట్టాడు, మేం మా కోసం రాసుకున్నాం.

ఆ పుస్తకాల్లో మాటలు ఉండవు. సెర్బియా వాడైనా గుంటూరు వాడైనా చదువుకోవాలని 1966లో ‘ఇన్ఫార్మెంట్’ మొదలుపెట్టినప్పటి నుంచి అన్నీ గుర్తులతోనే చెప్పారు. లైను చివర ఒక గుర్తు ఉంటుంది. సమానం గుర్తు ఉంటే ఇద్దరికీ సరిసమానం. ప్లస్ కింద రెండు గీతలుంటే తెల్లవాళ్లది కొంచెం పైచేయి. ఒకే గీత ఉంటే బాగా పైచేయి. ప్లస్ పక్కన మైనస్ ఉంటే తెల్లవాళ్లు గెలిచినట్టే. అనంతం గుర్తు ఉంటే తేల్చి చెప్పలేమని. ఆ గుర్తు వేసినవాడు ఒక గ్రాండ్‌మాస్టర్. ఆ స్థితిని బల్లమీద పెట్టుకుని, గంటలు చూసి, తన పేరు మీద వేసిన తీర్పు అది.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లల ఫోన్లలో ఆ గుర్తు బదులు అంకె ఉంటుంది. “సార్, ప్లస్ పాయింట్ ఫోర్ అంటోంది. తెల్లవాళ్లు గెలిచినట్టేనా?” అని అడుగుతారు. ఆ పాయింట్ ఫోర్ ఎక్కణ్నుంచి వచ్చిందో వాళ్లకు చెప్పాలని ఈ చరిత్ర తవ్వడం మొదలుపెట్టాను. ఎంత తవ్వినా అడుగున మనుషులే కనిపించారు.

అంకె వేసే పద్ధతిని మొదట శుభ్రంగా రాసిపెట్టింది క్లాడ్ షానన్. ఆయనా బెల్ ల్యాబ్స్ మనిషే. 1949 మార్చిలో న్యూయార్క్‌లో ఒక సభలో చదివిన వ్యాసం 1950లో అచ్చయింది. చదరంగం మొత్తాన్నీ చివరిదాకా లెక్కగట్టగలిగితే ఏ స్థితికైనా మూడే విలువలు ఉంటాయంటాడు షానన్: గెలుపు, డ్రా, ఓటమి. పాయింట్ ఫోర్ అన్నదే ఉండదు. కానీ అలా లెక్కగట్టాలంటే 10 పక్కన 120 ఘాతం వేసినంత సంఖ్యలో వరసలు చూడాలి. అది ఏ యంత్రం వల్లా కాదు. కాబట్టి కొన్ని ఎత్తులు ముందుకు చూసి, ఆగిన చోట ఒక అంచనా వేయాలి. ఆ అంచనాకు ఆయన ఇచ్చిన సూత్రం ఇప్పుడు చూసినా ఎంత సరళంగా ఉంటుందో! మంత్రికి 9, ఏనుగుకు 5, శకటుకు 3, గుర్రానికి 3, బంటుకు 1. రాజుకు 200, అంటే రాజు పోతే ఇంకేమున్నా లాభం లేదని. ఒకే నిలువు వరసలో రెండు బంట్లు పడితే, వెనకబడిన బంటు ఉంటే, తోడు లేని ఒంటరి బంటు ఉంటే ఒక్కోదానికి అర తగ్గించాలి. ఆడగల ఎత్తుల సంఖ్యలో తేడా ఎంతో అందులో పదోవంతు కలపాలి. మనకు 38 ఎత్తులు, ఎదుటివాడికి 31 ఉంటే తేడా 7, దాని విలువ 0.7. అంటే బంటుకు కాస్త తక్కువ.

ఇంత చెప్పాక షానన్ ఒక జాగ్రత్త కూడా చెప్పాడు. పావులు పావుల్ని కొట్టుకుంటున్న మధ్యలో ఆగి ఈ లెక్క వేయకూడదు, స్థితి కుదురుకున్నాకే వేయాలి అని. మంత్రితో బంటును కొట్టిన క్షణంలో లెక్క ఆపితే ఒక బంటు లాభం కనిపిస్తుంది; మరుసటి ఎత్తులో మంత్రి పోతుందన్నది కనబడదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రోగ్రామూ ఈ జాగ్రత్తను ఏదో రూపంలో పాటించింది.

షానన్ ఇచ్చిన విలువలు ఆయన సొంతం కావు. ఇంగ్లండులో హోవర్డ్ స్టాంటన్ 1847లో రాసిన చదరంగం చేతిపుస్తకంలోనే గుర్రానికి 3.05, శకటుకు 3.50, ఏనుగుకు 5.48, మంత్రికి 9.94 అని ఉన్నాయి. రెండు దశాంశాల దాకా! షానన్ కాలంలోనే అలన్ ట్యూరింగ్ వేసుకున్న విలువలూ ఈ దారిలోనివే: గుర్రం 3, శకటు మూడున్నర, ఏనుగు 5, మంత్రి 10. తన ప్రోగ్రాముకు తగిన యంత్రం లేక, 1952లో ట్యూరింగ్ తానే యంత్రమై, కాగితం మీద ఒక్కో ఎత్తు లెక్కగడుతూ అలిక్ గ్లెన్నీ అనే సహోద్యోగితో ఆడాడు. 29 ఎత్తుల్లో కాగితపు యంత్రం ఓడింది. ఆ గేము నేను పిల్లలకు తప్పకుండా చూపిస్తాను. లెక్క ప్రకారం ప్రతి ఎత్తూ సబబే; కానీ పావులు దేనికోసం కదులుతున్నాయో వాటికే తెలియనట్టుంటుంది.

ఆ దిక్కులేనితనం ఎక్కువగా ఆట మొదట్లోనే. 32 పావులూ బల్లమీదే ఉన్నాయి, ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, పావుల లెక్క సున్నా. అక్కడ సూత్రం చెప్పేది బహు తక్కువ. నాలుగైదు ఎత్తులు ముందుకు చూసే యంత్రానికి, ఇరవయ్యో ఎత్తులో ఫలితమిచ్చే బంటు కదలిక విలువ ఎలా తెలుస్తుంది? అందుకే పుస్తకం అవసరమైంది. పిల్లవాడికి ఎక్కాలు వచ్చి ఉంటే పన్నెండేళ్లు ఎంతో కూడి చూసుకోడు కదా, అలాగే స్థితి పుస్తకంలో ఉన్నంతసేపు యంత్రం ఆలోచించదు, చూసి ఆడేస్తుంది. గడియారంలో సమయమూ మిగులుతుంది.

ఈ పనిలో తొలి పేరున్న ప్రోగ్రాం మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో రిచర్డ్ గ్రీన్‌బ్లాట్ రాసిన ‘మ్యాక్ హ్యాక్’. 1967లో మనుషుల టోర్నమెంట్లలో ఆడి, అక్కడ మనిషిని ఓడించిన మొదటి ప్రోగ్రాం అది. దాని ఓపెనింగ్ పుస్తకానికి పనిచేసిన విద్యార్థి లారీ కౌఫ్‌మన్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పుస్తకాన్ని యంత్రంలో ఎలా దాచాలన్నది కూడా చిన్న విషయం కాదు. ఎత్తుల వరసగా దాస్తే ఒక చిక్కుంది. ఒకడు డి4, గుర్రం ఎఫ్6, సి4, ఇ6, గుర్రం సి3 అని ఆడతాడు. ఇంకొకడు సి4తో మొదలుపెట్టి, నల్ల గుర్రం ఎఫ్6కు వచ్చాక తన గుర్రాన్ని సి3కి తెచ్చి, ఇ6 తర్వాత డి4 ఆడతాడు. దారులు వేరు, చేరిన స్థితి ఒకటే. నా లెడ్జర్లలో ఇలాంటివి ఎన్నో చోట్ల ‘ఫలానా పేజీ చూడు’ అని రాసుకోవలసి వచ్చేది. యంత్రానికి ఆ తిప్పలు తప్పించింది 1970లో ఆల్బర్ట్ జోబ్రిస్ట్ చెప్పిన ఉపాయం. ఆరు రకాల పావులు, రెండు రంగులు, 64 గళ్లు, గుణిస్తే 768. ప్రతి జతకీ ఒక యాదృచ్ఛిక సంఖ్య ముందే కేటాయిస్తారు. బల్లమీద ఉన్న పావుల సంఖ్యలన్నిటినీ ఒక ప్రత్యేక పద్ధతిలో కలిపితే ఆ స్థితికి ఒక తాళంచెవి లాంటి సంఖ్య వస్తుంది. ఏ దారిన వచ్చినా స్థితి ఒకటైతే సంఖ్యా ఒకటే. ఒక పావు కదిలితే మొత్తం మళ్లీ కలపనక్కర్లేదు. పాత గడి సంఖ్య తీసేసి కొత్త గడిది చేరిస్తే చాలు.

తర్వాతి కాలంలో ఫాబియన్ లెతూజే చేసిన ‘పాలీగ్లాట్’ పుస్తకాల పద్ధతి ఈ ఉపాయం మీదే నిలబడింది. ఆ 768కి కోట కట్టే హక్కులకు 4, దారిలో బంటును పట్టే నియమానికి 8, ఎవరి వంతో చెప్పడానికి 1 చేర్చి, మొత్తం 781 సంఖ్యలు. ఒక్కో నమోదు 16 బైట్లు. స్థితి సంఖ్యకు 8, ఆడవలసిన ఎత్తుకు 2, ఆ ఎత్తుకు ఎంత మొగ్గు ఇవ్వాలో చెప్పే బరువుకు 2, నేర్చుకున్నది రాసుకోవడానికి 4. నా లెడ్జరులో ఇంతకే ఒక పూర్తి వరస పట్టేది. ఇక్కడ పదహారు బైట్లలో ఒక తరం ఆటగాళ్ల అనుభవం.

ఇక పుస్తకం అయిపోయిన చోట ఏమవుతుందన్నది ఈ చరిత్రలో చాలాకాలం మానని పుండు. గ్రాండ్‌మాస్టర్ ఒక లైను చివర ‘తెల్లవాళ్లది పైచేయి’ అని గుర్తు వేశాడనుకోండి. ఎందుకు వేశాడు? నల్లరాజు మధ్యలో ఇరుక్కున్నాడు, బంటు పోగొట్టుకున్నా దాడి చేతిలో ఉంది, పన్నెండు ఎత్తుల తర్వాత ఫలితం వస్తుంది. పుస్తకం ప్రకారం యంత్రం ఆ స్థితికి చేరుతుంది. పుస్తకం అక్కడితో ఆగుతుంది. యంత్రం కళ్లు తెరిచి తన సూత్రంతో లెక్క వేసుకుంటే, ఒక బంటు తక్కువ! వెంటనే పోయిన బంటును వెనక్కి తెచ్చుకునే ప్రయత్నంలో దాడికి సిద్ధమైన పావుల్ని వెనక్కి లాగేస్తుంది. గ్రాండ్‌మాస్టర్ తీర్పు తప్పు కాదు. యంత్రపు లెక్కా తన పరిధిలో తప్పు కాదు. ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి తీర్పుకు అతికించడం వల్ల వచ్చిన ఇబ్బంది అది. ఇది పిల్లల్లోనూ చూస్తాను. మార్షల్ ఎటాక్ పదిహేను ఎత్తులు కంఠతా పెట్టి, పదహారో ఎత్తులో బంటు పోయిందని కంగారుపడే పిల్లాడికీ ఆ యంత్రానికీ జబ్బు ఒకటే.

పుస్తకాన్ని చేత్తో టైపు చేసే శ్రమ గురించి థాంప్సన్ కూడా ఆలోచించినట్టున్నాడు. హెన్రీ బెయిర్డ్ అనే సహోద్యోగితో కలిసి ‘ఇన్ఫార్మెంట్’ పేజీల్ని కంప్యూటరే చూసి చదివే పద్ధతి తయారుచేసి 1990లో ప్రచురించాడు. అచ్చు అక్షరాలను యంత్రం తప్పుగా చదవడం మామూలే. అక్కడ వాళ్లు చదరంగం నియమాలనే దిద్దుబాటుకు వాడుకున్నారు. అక్షరం సి అయి ఉండాలా ఇ అయి ఉండాలా అని సందేహం వస్తే, ఆ స్థితిలో ఏ ఎత్తు నియమప్రకారం సాధ్యమో చూస్తే చాలు. ఒకచోట తప్పు చదివితే నాలుగు ఎత్తుల తర్వాత ఆట సాగదు, అప్పుడు వెనక్కి వచ్చి సరిచేసుకోవచ్చు. మేం ఇన్ఫార్మెంట్ రాసుకునేటప్పుడు అచ్చుతప్పుల్ని పట్టుకున్నదీ ఇలాగే. బల్లమీద ఆడి చూస్తే గుర్రం వెళ్లలేని గడి దగ్గర ఆగిపోయేవాళ్లం.

‘డీప్ బ్లూ’ అనే యంత్రం దగ్గర కాస్త నిలబడాలి. దాని మూలాలు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్లిన డబ్బాల రాజగోపాల్ రెడ్డి 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయింది అక్కడే. ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించే యంత్రానికి లక్ష డాలర్లంటూ 1980లో ఫ్రెడ్‌కిన్ బహుమతి ప్రకటించిందీ ఆ ఆవరణలోనే. ఫెంగ్ శుంగ్ షు, ముర్రే క్యాంప్‌బెల్, థామస్ అనంతరామన్ తదితరులు అక్కడ ‘డీప్ థాట్’ కట్టారు. తర్వాత షు, క్యాంప్‌బెల్ ఐబీఎంకు వెళ్లి దాన్ని ‘డీప్ బ్లూ’గా పెంచారు. 1997 నాటికి అందులో 480 ప్రత్యేక చిప్పులు, సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులు. షానన్ అరడజను అంశాలతో వేసిన లెక్క సుమారు 8,000 అంశాలకు పెరిగింది.

దాని ప్రధాన ఓపెనింగ్ పుస్తకంలో మాత్రం ఉన్నవి సుమారు 4,000 స్థితులే. ‘బెల్’ పుస్తకంతో పోల్చండి! కొలత వేరు, ఉద్దేశమూ వేరు. గ్రాండ్‌మాస్టర్ జోయల్ బెంజమిన్, మరో ముగ్గురు గ్రాండ్‌మాస్టర్ల సాయంతో, ఈ యంత్రం ఏ తరహా స్థితుల్లో బాగా ఆడుతుందో చూసి ఆ స్థితులకు తీసుకెళ్లే దారులనే ఏరి పెట్టాడు. జ్ఞాపకాన్నీ తీర్పునూ ఒకదానికొకటి సరిపోయేలా కూర్చారన్నమాట. పుండుకు మందు దొరికింది ఇక్కడే అని నా అభిప్రాయం.

దీనికి తోడు రెండో పుస్తకం ఉంది. 7 లక్షల గ్రాండ్‌మాస్టర్ గేముల్ని యంత్రానికి ఇచ్చి, ఒక స్థితిలో ఫలానా ఎత్తును ఎంతమంది ఆడారు, ఆడినవాళ్ల స్థాయి ఏమిటి, ఈ మధ్య ఆడారా, ఫలితాలేమిటి, వ్యాఖ్యాత ఆశ్చర్యార్థకం పెట్టాడా ప్రశ్నార్థకం పెట్టాడా అన్నవన్నీ కలిపి ఆ ఎత్తుకు కొంత అదనపు మార్కు ఇచ్చారు. యంత్రం ఆలోచిస్తూనే ఉంటుంది, కానీ ఆ ఎత్తు వైపు కొంచెం మొగ్గుతుంది. ఆడి తీరాలన్న ఆజ్ఞ కాదు, పెద్దల సలహా. గుర్తుల్ని అంకెల్లోకి మార్చడంలో ఇంతకన్నా అందమైన పద్ధతి నేనెరుగను.

1997 మే 11, న్యూయార్క్, ఆరో గేము. అప్పటికి స్కోరు సమం. ‘డీప్ బ్లూ’ మీద ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ నల్లపావులతో కారో-కాన్ ఆడాడు. ఏడో ఎత్తులో, ముందు శకటును డి6కు తేవలసిన చోట, బంటును హెచ్6కు జరిపి జి5లోని గుర్రాన్ని బెదిరించాడు. ‘డీప్ బ్లూ’ ఆ గుర్రాన్ని వెనక్కి తీసుకోలేదు. ఇ6లో బంటును కొట్టి గుర్రాన్ని బలిచ్చింది. షానన్ లెక్కలో చూడండి: గుర్రం 3 పోయింది, బంటు 1 వచ్చింది, రెండు బంట్లంత నష్టం. బదులుగా నల్లరాజు కోట కట్టే హక్కు పోగొట్టుకుని డి8లో చిక్కుకున్నాడు, పావులు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. యంత్రాలు సాధారణంగా ఇలాంటి బలికి ఇష్టపడని రోజులవి. కానీ ఆ ఎత్తు యంత్రం ఆలోచించి ఆడింది కాదు. పుస్తకంలో ఉంది. ఆ బృందంలోని స్పెయిన్ గ్రాండ్‌మాస్టర్ మిగెల్ ఇయెస్కాస్ తర్వాతెప్పుడో చెప్పినదాని ప్రకారం, హెచ్6 ఆడితే ఇ6లో కొట్టు అన్న నమోదును ఆ రోజు ఉదయమే చేర్చారు. పంతొమ్మిదో ఎత్తుకు కాస్పరోవ్ ఓటమి ఒప్పుకున్నాడు. మూడున్నర, రెండున్నరతో పోటీ ముగిసింది.

ఆ గేమును మనిషి మీద యంత్రం గెలుపుగా ప్రపంచం చదువుకుంది. నేను అలా చదవలేను. ఎనిమిదో ఎత్తు ఒక గ్రాండ్‌మాస్టర్ చేతిరాత. దాని విలువ గురించి అంతకు ముందు ఎందరో ఆడి, ఓడి, గెలిచి, రాసి పెట్టిన జ్ఞానం. తొమ్మిదో ఎత్తు నుంచి యంత్రం తన 8,000 అంశాల మదింపుతో దాన్ని గొప్పగా నడిపించింది, అందులో సందేహం లేదు. ఆ మదింపులోని అంశాల్ని ఎంచినవాళ్లూ మనుషులే.

అమ్మకానికి వచ్చిన చెస్ ప్రోగ్రాముల కాలంలో పుస్తకాల మధ్యే యుద్ధం నడిచింది. ఒక ప్రోగ్రామును ఓడించిన గేమును ఉన్నదున్నట్టు మళ్లీ ఆడితే అది మళ్లీ ఓడేది, ఎందుకంటే దానికి నిన్నటి జ్ఞాపకం లేదు. దాంతో ప్రత్యర్థి ప్రోగ్రాముల కోసమే ప్రత్యేకంగా లైన్లు వండిపెట్టడం మొదలైంది. దానికి జవాబుగా, ఓడిన లైను బరువును తనంతట తానే తగ్గించుకునే పద్ధతులు వచ్చాయి. ‘క్రాఫ్టీ’ రాసిన రాబర్ట్ హయట్ 1999లో దీని మీద వివరంగా రాశాడు.

అదే 1999లో లారీ కౌఫ్‌మన్ మళ్లీ కనిపిస్తాడు. బలమైన ఆటగాళ్ల గేముల డేటాబేసును జల్లించి పావుల విలువల్ని మళ్లీ కట్టాడు. గుర్రం, శకటు చెరో మూడుంపావు, ఏనుగు 5, మంత్రి తొమ్మిదిముప్పావు. రెండు శకటులూ చేతిలో ఉంటే అదనంగా అర. స్టాంటన్ రాసిన 9.94కూ ఈ 9.75కూ మధ్య నూటయాభై ఏళ్లున్నాయి, తేడా బంటులో ఐదోవంతు కూడా లేదు. 2008లో ‘రిబ్కా 3’ అనే ప్రోగ్రాం మదింపు కౌఫ్‌మన్ చేతిమీదుగా వెళ్లింది, తర్వాత ‘కొమోడో’ది. 2008లోనే ఆయన ప్రపంచ సీనియర్ ఛాంపియన్, గ్రాండ్‌మాస్టర్ కూడా అయ్యాడు. విద్యార్థిగా యంత్రానికి పుస్తకం కూర్చిన మనిషి, అరవై దాటాక దాని తీర్పును దిద్దాడు. ఈ రంగం చరిత్ర రాయాలంటే ఆయన ఒక్కడి జీవితం వెంట నడిస్తే చాలు.

2017 డిసెంబరులో డీప్‌మైండ్ సంస్థ ‘ఆల్ఫాజీరో’ అనే ప్రోగ్రాం ఫలితాలు ప్రకటించినప్పుడు మా చెస్ మిత్రుల మధ్య రాత్రంతా ఫోన్లు నడిచాయి. పుస్తకం లేదు. పావుల విలువలు లేవు. నియమాలు మాత్రం చెప్పి, తనతో తాను ఆడుకుని నేర్చుకోమన్నారు. అప్పటి ‘స్టాక్‌ఫిష్’ అనే చెస్ ప్రోగ్రాం మీద 100 గేముల్లో 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటీ ఓడలేదు. ‘స్టాక్‌ఫిష్’కు ఓపెనింగ్ పుస్తకం ఇవ్వలేదని, ఎత్తుకు నిమిషం చొప్పున సమయం కట్టేశారని విమర్శలొచ్చాయి. అవి న్యాయమైన విమర్శలే. 2018లో మరింత పకడ్బందీగా వెయ్యి గేములు పెట్టినా 155 గెలిచి 6 మాత్రమే ఓడింది. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఇంకొకటి. ఎవరూ నేర్పకుండానే అది నేర్చుకునే దారిలో ఇంగ్లిష్ ఓపెనింగ్‌నూ, క్వీన్స్ గాంబిట్‌నూ, కారో-కాన్‌నూ తనంతట తాను కనిపెట్టి ఆడింది. కొన్నిటిని కొన్నాళ్లు ఆడి వదిలేసింది. బెల్‌గ్రేడ్ పుస్తకాల్లో మనుషులు శతాబ్దాలు పోగేసిన దారులు ఉత్త అలవాట్లు కావని తేలింది. ఆ రోజు నా పాత లెడ్జర్లు తీసి మళ్లీ చూసుకున్నాను, గర్వంగా.

మదింపు మాత్రం పూర్తిగా మారిపోయింది. జపాన్‌లో షోగీ ఆట కోసం యు నాసు 2018లో చేసిన చిన్న న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతి 2020 సెప్టెంబరులో ‘స్టాక్‌ఫిష్ 12’లోకి వచ్చింది. రాజు ఏ గడిలో ఉన్నాడు, అతన్ని బట్టి మిగతా పావులు ఎక్కడెక్కడున్నాయి అన్న 40 వేలకు పైగా జతలను తీసుకుని ఒక అంకె ఇస్తుంది. దానికి మొదట్లో పాఠం చెప్పిందెవరు? పాత ‘స్టాక్‌ఫిష్’ చేత్తో రాసిన మదింపుతో లోతుగా చూసి కోట్ల స్థితులకు వేసిన మార్కులే. అంటే స్టాంటన్ నుంచి షానన్‌కు, అక్కణ్నుంచి కౌఫ్‌మన్ తరానికి దిగివచ్చిన తీర్పు ఆ నెట్‌వర్క్‌కు గురువు. శిష్యుడు గురువును మించాడు. 2024లో వచ్చిన ‘స్టాక్‌ఫిష్ 16.1’లో చేత్తో రాసిన మదింపును తీసేశారు.

అంకెకున్న అర్థమూ మారింది. 2022 డిసెంబరులో వచ్చిన 15.1 నుంచి ‘స్టాక్‌ఫిష్’ 1.00 అందంటే ఒక బంటు ఎక్కువ అని కాదు. తనలాంటి యంత్రంతోనే ఆడితే ఆ స్థితి నుంచి గెలిచే అవకాశం సగం అని. కాబట్టి పాయింట్ ఫోర్ అడిగిన పిల్లలకు నా జవాబు ఇది: రెండు యంత్రాలు ఆడుకుంటే ఈ స్థితి చాలావరకు డ్రాకే పోతుంది, ఇక్కడ నువ్వు ఆడుతున్నావు కాబట్టి నీ శకటు ఎందుకు బాగుందో నాకు మాటల్లో చెప్పు. చెప్పగలిగినవాళ్లు ఆ లైను ఆడొచ్చు. చెప్పలేనివాళ్లను నేను ఆడనివ్వను.

ఇప్పుడు పుస్తకం తిరుగు ప్రయాణంలో ఉంది. మా గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ, 2001లో గ్రాండ్‌మాస్టర్ అయినవాడు, 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు అతని సహాయక బృందంలో ఉన్నాడు. అలాంటి సహాయకుల పని ఇప్పుడు పుస్తకాల్లోంచి యంత్రానికి ఎక్కించడం కాదు, యంత్రంలోంచి మనిషికి దించడం. యంత్రం మొదట చెప్పే ఎత్తును ఎదుటివాడూ ఇంట్లో చూసే వస్తాడు. రెండోదో మూడోదో, యంత్రం సున్నా అనేదే, కానీ బల్ల ముందు కూర్చున్న మనిషికి జవాబు దొరకడం కష్టమయ్యేదాన్ని వెతకాలి. యంత్రం ఆ కష్టాన్ని కొలవదు. దాన్ని పసిగట్టాలంటే ఎన్నో టోర్నమెంట్లు ఆడి దెబ్బలు తిన్న గ్రాండ్‌మాస్టరే కావాలి.

యంత్రాల పోటీల్లోనూ పుస్తకం మళ్లీ మనిషి చేతికే వచ్చింది. టీసీఈసీ అనే పెద్ద పోటీలో ఇంజిన్లను మొదటి ఎత్తు నుంచి వాటి ఇష్టానికి వదిలితే దాదాపు అన్నీ డ్రాలే అవుతాయి. అందుకని ఓపెనింగులు ముందే ఎంచి ఇస్తారు. ఈ ఎంపికలో ఏళ్లుగా పనిచేస్తున్నవాడు జెరోన్ నూమెన్, ఒకప్పుడు ‘రిబ్కా’కు పుస్తకం రాసిన డచ్చివాడు. ఆయన వెతికేది సమానంగా ఉన్న స్థితుల్ని కాదు. ఒకవైపు ఇబ్బందిలో ఉండాలి, కానీ నిలబడే అవకాశం ఉండాలి. గెలుపుకూ డ్రాకూ మధ్య గట్టు మీద ఉండాలి. మనుషులు ఎప్పుడో తప్పని కొట్టేసిన గాంబిట్లు, మా లెడ్జర్లలో నల్లవాళ్లకు కష్టం అని గుర్తు వేసుకుని పక్కన పెట్టేసిన లైన్లు అక్కడ పనికొస్తున్నాయి. ఒక్కో ఓపెనింగును ఇద్దరి చేతా రెండుసార్లు ఆడిస్తారు, రంగులు మార్చి. ఇద్దరూ తెల్లపావులతోనే గెలిస్తే ఒకటి ఒకటి. ఒకరు గెలిచి, అదే స్థితిని రెండోవైపు నుంచి కాపాడుకుంటే ఆ జతలో పైచేయి వాళ్లది.